ఒక చేతికి రెండు బ్రేకులు

నా సైకిలుకు రెండు బ్రేకులూ కుడివైపే ఉంటాయి. కొత్తగా చూసేవాళ్లు ముందు ఎడమవైపు ఖాళీగా ఉన్న హ్యాండిల్‌ను చూస్తారు, తర్వాత నా ఎడమచేతిని చూస్తారు, ఇక ఏమీ అడగరు. ఆ చేతికి బొటనవేలు, చూపుడువేలు మాత్రమే మిగిలాయి. మిగతా మూడూ బొగ్గుగనిలో, బొగ్గు మోసే రెండు ఇనుప టబ్బుల మధ్య నలిగిపోయాయి. ఈ సైకిలు బాగుచేయించే నాటికి అది జరిగి పదకొండేళ్లు. వేళ్లు పోయాక నాకు గని పైన, లైట్ల గదిలో తేలిక పని ఇచ్చారు. రిటైరయ్యేదాకా అక్కడే గనిలోకి దిగేవాళ్లకు దీపాలు అందిస్తూ, పైకొచ్చాక తీసుకుంటూ గడిపాను.

రిటైరయ్యాక షుగర్ ఉందని తేలింది. దవాఖానాలో డాక్టరు రోజూ నడవమన్నాడు. మోకాలు నొప్పి అంటే, అయితే సైకిలు తొక్కమన్నాడు. షిఫ్టులకు తిరిగిన నా పాత నల్ల సైకిలు ఇంటి వెనక రేకుల కింద తుప్పు పట్టి ఉంది. దాన్ని బయటికి తీసి తుడుస్తున్నప్పుడు, డాక్టరు చెప్పినదానికంటే చాలా దూరం పోవాలన్న ఆలోచన వచ్చింది. తిరుమలాయపాలెం పోవాలి. అక్కడ నా దోస్తు ఉన్నాడు. మణుగూరు నుంచి అక్కడికి పోవాలంటే జిల్లా దాటాలి, అడవి దాటాలి, ఖమ్మం కూడా దాటాలి.

ఆ దోస్తు నాతోపాటు పద్నాలుగేళ్లు గనిలో ఒకే షిఫ్టులో పనిచేసినవాడు. నా వేళ్లు పోయిన రోజు గంట కొట్టింది అతనే. గనిలో టబ్బులను ఒకదానికొకటి తగిలించాక, పైనున్న ఇంజన్ దగ్గరివాడికి తెలియడానికి గంట కొడతారు. గంట వినగానే వాడు తాడు లాగిస్తాడు, టబ్బులు కదులుతాయి. ఆ రోజు నేను తగిలించాను, అతను కొట్టాడు. విచారణలో నన్ను ఒక్కటే అడిగారు. నువ్వు చెయ్యి తీశాక కొట్టాడా, తీయకముందే కొట్టాడా అని. నాకు యాదికి లేదన్నాను. ఆ మాట అతని మెడకు చుట్టుకుంది. కొన్నాళ్లు సస్పెండ్ చేశారు. తిరిగి తీసుకున్నా, గని కింద బాధ్యత ఉన్న పని మళ్లీ ఇవ్వలేదు. కొన్నేళ్లకు అతను ఉద్యోగం వదులుకొని సొంతూరు వెళ్లిపోయి వ్యవసాయం చేసుకుంటున్నాడు.

నాకు యాదికి లేకపోవడం కాదు. బాగా యాదికి ఉంది.

అంతకుముందు అతని దగ్గరికని మూడుసార్లు బస్సెక్కాను. రెండుసార్లు కొత్తగూడెంలో దిగి వెనక్కి వచ్చాను. ఒకసారి ఖమ్మం దాకా పోయి, బస్టాండులో టీ తాగి, తిరుగు బస్సు పట్టుకున్నాను. మా ఆవిడకు ఈ సంగతి తెలుసు. విచారణలో నేను ఏం చెప్పానో కూడా తెలుసు. ఆమె ఎప్పుడూ ఎత్తిచూపలేదు.

బస్టాండు వెనక సందులో సైకిళ్లు బాగుచేసేది ఒక ఆడమనిషి. ఆ దుకాణం ఆమె తండ్రిది. ఆయన పోయాక, లారీ మీద వెళ్లే భర్తకు కుదరదని తనే నడుపుతోంది. నా సైకిలు దించగానే ఎటు పోవడానికని అడిగింది. చెప్పాను. బస్సు ఉంది కదా అంది. ఉందన్నాను. ఆమె ఇంకేం అడగకుండా సందు చివరిదాకా తొక్కి రమ్మంది. నేను వెళ్లి వచ్చేదాకా చేతులు కట్టుకొని చూస్తూ నిలబడింది.

"నువ్వు తొక్కుతలేవన్నా. హ్యాండిల్ పట్టుకొని ఏలాడుతున్నవ్," అంది.

నిజమే. సీటు కిందికి ఉండి మోకాళ్లు ముడుచుకుపోతున్నాయి. హ్యాండిల్ దూరంగా ఉండి ఒంటి బరువంతా అరచేతుల మీద పడుతోంది. ఎడమచేతిలో పట్టు లేదు కాబట్టి కుడిభుజం గట్టిగా బిగబట్టి ఉంటోంది. ఇట్లా అయితే పాల్వంచ చేరేసరికే భుజం పట్టేస్తుందని ఆమె చెప్పింది. సుఖంగా పోవాలంటే మెత్తటి సీటు కొనుక్కుంటే చాలనుకునేవాణ్ణి. ముందు మనిషి కొలతకు బండి రావాలి, మెత్తదనం సంగతి తర్వాత చూడొచ్చని ఆమె దగ్గరే తెలుసుకున్నాను.

ఆమె సీటు ఎత్తింది. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలని, నన్ను గోడ పట్టుకొని కూర్చోబెట్టి నాలుగైదుసార్లు సరిచేసింది. హ్యాండిల్‌ను తీసేసి, నా వైపుకు వంగి ఉండే పాత రకం హ్యాండిల్ బిగించింది. వీపు నిటారయింది, చేతుల మీద బరువు తగ్గింది. ముందున్న పళ్ల చక్రం తీసి చిన్నది పెట్టి, వెనక ఫ్రీవీల్ పెద్దది వేసింది. వేగం తగ్గుతుంది కానీ గుట్ట ఎక్కేటప్పుడు దిగి తోయక్కర్లేదంది. ఎడమవైపు పిడికి పాత ట్యూబు ముక్కలు, వాటి మీద నూలుగుడ్డ చుట్టి లావు చేసింది. నా బొటనవేలు ఇమిడే చోట గుంట వదిలింది. ఆ గుంట కోసం నా చెయ్యి తన చేతిలోకి తీసుకొని, ఏ సంకోచమూ లేకుండా, పానాతో నట్టు కొలిచినట్టు కొలిచింది. పదకొండేళ్లలో డాక్టర్లు, మా ఆవిడ తప్ప ఎవరూ ఆ చేతిని అట్లా పట్టుకోలేదు.

బ్రేకుల దగ్గరే ఇబ్బంది వచ్చింది. పాత సైకిలుకు ఇనుప కడ్డీల బ్రేకులు. రెండు చేతులూ కావాలి. ఆమె రెండు చక్రాల రిమ్ములూ మార్చి కేబుల్ బ్రేకులు పెట్టింది. నడవలేనివాళ్లు వాడే మూడు చక్రాల బండికి ఒక లివర్ ఉంటుందట, ఒకేసారి రెండు కేబుళ్లను లాగుతుంది. దానికోసం ఆమె కొత్తగూడెంలో తెలిసినవాళ్లకు చెప్పి, వారం తర్వాత తెప్పించింది. బిగించాక కేబుళ్లను సరిచేయడానికి ఒక పూటంతా పట్టింది. రెండూ ఒకేసారి పట్టకూడదు. వెనకది ఒక వెంట్రుకవాసి ముందు పట్టాలి, తర్వాత ముందుది. తారుమారైతే దిగుడులో మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు.

చివరికి గంట పెట్టమంటావా అని అడిగింది. వద్దన్నాను. అడవి రోడ్డులో పశువులు అడ్డం వస్తాయని చెప్పి చూసింది. నోటితో అరుస్తానన్నాను.

ఆ వారమే మొదటిసారి సామాను కట్టుకొని పినపాక వైపు బయలుదేరాను, ఎట్లా ఉంటుందో చూద్దామని. బట్టలు, దుప్పటి, గిన్నె, రెండు నీళ్ల సీసాలు, పంపు, పంక్చరు సామాను అన్నీ ఒక సంచిలో కూరి, వెనక క్యారియర్ మీద నిలువుగా నిలబెట్టి తాడుతో కట్టాను. మైదానంలో బాగానే ఉంది. చెట్లు మొదలై రోడ్డు వంపు తిరుగుతూ దిగే చోట, బండి వెనకభాగం తోకలా ఊగడం మొదలుపెట్టింది. బ్రేకు పట్టాను. బ్రేకు తప్పు లేదు, అది చక్కగానే పట్టింది. కానీ వెనకున్న సంచి ఒక పక్కకు ఒరిగి నన్నూ ఒరిగించింది. కల్వర్టు పక్కన ఎర్రమట్టిలో పడ్డాను. మోచెయ్యి చీరుకుపోయింది.

అటుగా వెదురు మోసుకొని వస్తున్న ఒక కోయ జంట ఆగింది. ముసలాయన తన సైకిలును చెట్టుకు ఆనించి నన్ను లేపాడు. భార్యతో వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ ఏదో ఆకు నలిపి నా మోచేతికి అద్దింది. ఆయన సైకిలు చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. రెండు నిలువుల పొడవున్న వెదురు బొంగులు, వాటితోపాటు ఒక బస్తా. అంత బరువుతోనూ అది నిలకడగా ఉంది. బొంగులు చక్రాల పక్కనే కింద పొడుగ్గా కట్టి ఉన్నాయి, బస్తా పెడల్ ఎత్తులో కట్టి ఉంది. పైన ఏమీ లేదు.

"బరువు మీదుంటే బండి నీ మాట ఇనదు. కిందుంటే ఇంటది," అన్నాడు.

వాళ్ల గూడెం దగ్గరే ఉంది. ఆమె బుట్టలల్లుతుందని తెలిసి, నాకు రెండు కావాలని అడిగాను. చక్రానికి అటొకటి ఇటొకటి వేలాడదీయడానికి. ఆమె సైకిలు చుట్టూ తిరిగి చూసి, నన్ను ఎక్కి తొక్కమంది. నా మడమ ఎంత వెనక్కి వస్తుందో కర్రతో నేల మీద గీత గీసుకుంది. నాలుగు రోజుల తర్వాత వెళ్తే రెండు బుట్టలు సిద్ధంగా ఉన్నాయి. చక్రం వైపు బల్లపరుపుగా, బయటివైపు గుండ్రంగా, మడమ తగలకుండా ముందు మూల కోసినట్టుగా ఉన్నాయి. ఆ మూల సంగతి నాకు తట్టనే లేదు. మా ఆవిడ వాటిలోకి టార్పాలిన్ సంచులు కుట్టింది. జిప్పు పెట్టలేదు. ఒక చేత్తో జిప్పు లాగుతుంటే రెండో చెయ్యి గుడ్డను పట్టుకోవాలి. అందుకని మూత మీద తాడు ఉచ్చు, కింద ఒక చెక్క బిళ్ల పెట్టింది. ఉచ్చు బిళ్ల మీదికి తోస్తే చాలు.

ఇక బయలుదేరాలి. నేను బయలుదేరలేదు. వెనకొచ్చే లారీలు కనపడాలని అద్దం పెట్టించాను. మడ్‌గార్డు చప్పుడు చేస్తోందని రెండుసార్లు తిప్పి బిగించుకున్నాను. సీటు ఒక వేలెడు ముందుకు జరిపి, మర్నాడు వెనక్కి జరిపాను. వానలు పోయాయి, పొద్దున పూట చలి మొదలైంది. నేనింకా ఆ సందుకే పోతున్నాను. ఒకరోజు చైను తుడుస్తుంటే మా ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"బండి తయారై నెల దాటింది. నువ్వే తయారు గాలే," అంది.

నేను గుడ్డ పక్కన పెట్టాను. అన్ని రోజులుగా నేను ఒంటికి సుఖం చూసుకుంటున్నాననుకున్నాను. నిజానికి చెప్పాల్సిన మాటను ఒక్కో నట్టు కింద దాచుకుంటూ వస్తున్నాను. మర్నాడు తెల్లారగానే బయలుదేరాను.

మొదటి రోజు బొగ్గు లారీలతో పోటీ. నల్లదుమ్ము కళ్లలో పడకుండా తువ్వాలు కట్టుకున్నాను. పాల్వంచలో తెలిసినవాళ్లింట్లో పడుకున్నాను. రెండో రోజు చండ్రుగొండ చేరాను. అక్కడ మా మరదలు ఉంటుంది. చల్లగాలికి మామిడితోటల పక్కనుంచి పోతుంటే, అరచేతుల్లో తిమ్మిరి లేదని, వీపు పట్టలేదని గమనించాను. దిగుడుల్లో కుడిచేత్తో లివర్ మెల్లగా నొక్కితే బండి మాట విన్నట్టు నెమ్మదించేది. సైకిలు మీద మనిషికి ఆలోచించడానికి చాలా తీరిక ఉంటుంది. ఏం చెప్పాలో నాలుగు రకాలుగా కూర్చుకున్నాను. ఖమ్మంలో లాడ్జిలో దిగేసరికి ఆ నాలుగూ అబద్ధంలాగే వినిపించాయి. నాలుగో రోజు మధ్యాహ్నానికి తిరుమలాయపాలెం దగ్గర అతని ఊరు చేరాను.

అతను పత్తి చేలో ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి పని ఆపాడు. తర్వాత ఒడిలోని పత్తి గంపలో పోసి వచ్చి, సైకిలు చుట్టూ తిరిగాడు. లివర్ నొక్కి వదిలాడు, రెండు చక్రాలకూ బ్రేకు పడటం చూశాడు. నా చేతిని మాత్రం చూడలేదు.

"మంచిగ జేసిండ్రు," అన్నాడు. "గింత దూరం దీని మీదనే వచ్చినవా?"

అవునన్నాను. గట్టు మీద కూర్చున్నాం. కూర్చుకున్న మాటలేవీ అక్కరకు రాలేదు.

"ఆ రోజు నేను ‘అయింది’ అని చెప్పిన. నువ్వు గంట కొట్టనీకి మర్లినవ్," అన్నాను. "పిన్ను సక్కగ పడలేదని నేను మల్ల చెయ్యి పెట్టిన. నీకు చెప్పలే. నీ తప్పు లేదు."

"మరి యాదికి లేదంటివి."

"యాదికున్నది. ఉద్యోగం పోతదని భయపడ్డ."

అతను చేతిలో ఉన్న పత్తికాయ పెంకును ముక్కలు ముక్కలుగా విరిచాడు. అరుస్తాడనుకున్నాను, కొడతాడేమోనని కూడా అనుకున్నాను. లేచి మళ్లీ పత్తి సాళ్లలోకి వెళ్లిపోయాడు. పొద్దుగూకేదాకా నా వైపు రాలేదు.

ఇంట్లో అతని భార్య నాకు నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. నేను వచ్చిన పని ఆమెకు చెప్పాను. ఆమె గిన్నె మీద మూత పెట్టి, తన భర్త సంగతి చెప్పింది. కూలీలను ట్రాక్టరులో ఎక్కించుకున్నప్పుడు, వెనక తలుపు వేసేముందు ఆయన ఒక్కొక్కరి చేతులూ చూస్తాడట. చేతులు పైకెత్తమంటాడట. ఊళ్లో నవ్వుతారట. ఇన్నేళ్లుగా అదే వరసని చెప్పింది. 

తెల్లారి నేను సంచులు కడుతుంటే అతను వచ్చాడు. రాత్రంతా నిద్రపోలేదని కళ్లు చెప్తున్నాయి.

"ఇప్పుడు నాకు మాట రాదు. కోపంల ఒకటంటె మల్ల వాపస్ తీస్కోలేను," అన్నాడు. "నువ్వు పో."

వచ్చిన దారినే తిరిగి వెళ్లాను. నాలుగు రోజులు తొక్కినా వీపు నొప్పి లేదు, చెయ్యి తిమ్మిరెక్కలేదు. ఒంటికి ఏ కష్టమూ లేకపోవడం నాకు సిగ్గనిపించింది. ఇంటికి చేరాక మా ఆవిడ ఏమైందని అడిగింది. చెప్పానని మాత్రం అన్నాను. ఆమె సంచులు విప్పి, మాసిన బట్టలు తీసి నానబెట్టింది.

రెండు నెలలు ఏ కబురూ లేదు. తర్వాత ఒక పొద్దున దోస్తు ఫోను చేశాడు. పలకరింపులు లేవు. తన బిడ్డ గురించి చెప్పాడు. సస్పెండైన రోజుల్లో ఆ పిల్ల మణుగూరులో తొమ్మిదో తరగతి. బళ్లో తోటిపిల్లలు, మీ నాయన మనిషి చెయ్యి తీసిండని అనేవాళ్లట. ఆమె ఇంటికొచ్చి అడిగితే, అవునో కాదో అతను చెప్పలేకపోయాడట. ఎందుకంటే నేను ‘అయింది’ అన్నది నిజంగా విన్నాడో లేదో అతనికే అనుమానం పట్టుకుంది, అవునేమోనని అనుకున్నాడు. ఇప్పుడామె ఖమ్మంలో ఒక దవాఖానాలో నర్సు.

"నాకు చెప్పింది సాలదు," అన్నాడు. "కాయితం మీద రాసియ్యి. వచ్చి నా బిడ్డ ముంగట సదువు."

రెండు రోజులు కూర్చొని రాశాను. మొదట మూడు పేజీలయింది. అందులో నా భయాల గురించి, ఇంటి కష్టాల గురించి చాలా ఉంది. అవి కొట్టేస్తే ఒక పేజీ మిగిలింది. తిరగరాసి, కింద సంతకం పెట్టి, మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె ఒక చోట ఆపి, "గంట తొందరగ కొట్టిండు" అని విచారణలో రాసుకున్నది తప్పని కూడా రాయమంది. రాశాను.

ఈసారి బండికి ఏమీ చేయించలేదు. గాలి కొట్టించుకున్నాను, అంతే. ఎండలు ముదరలేదు కానీ పగలు వేడిగానే ఉంది. తెల్లవారుజామునే బయలుదేరి పది దాటేసరికి నీడ చూసుకొని ఆగేవాణ్ణి.

నేను వాళ్ల ఊరు చేరాక, ఆదివారం వాళ్ల అమ్మాయి ఖమ్మం నుంచి వచ్చింది. వాళ్లు ముగ్గురూ వసారాలో కూర్చున్నారు. నేను నిలబడి చదివాను. మధ్యలో ఆగి నీళ్లు తాగి మళ్లీ చదివాను. అయిపోయాక ఆ అమ్మాయి ఒక్కటే అడిగింది.

"అప్పుడే ఎందుకు చెప్పలే మామా?"

భయమన్నాను. ఆమె కాగితం తీసుకొని తనే మరోసారి లోలోపల చదువుకుంది. ఆమె చూపు ఒక వాక్యం దగ్గర ఆగి, మళ్లీ మొదటికి వెళ్లడం గమనించాను. మడిచి తండ్రికిచ్చింది. అతను లోపలికి వెళ్లి ఒక పాత ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో సస్పెన్షన్ ఆర్డరు ఉంది. నా కాగితాన్ని దాని మీద పెట్టి, కవరు మూసి, భార్యకు ఇచ్చాడు. ఆ అమ్మాయి లేచి తండ్రి పక్కకు జరిగి కూర్చుంది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను.

అతను నన్ను క్షమించాడా అంటే నాకు తెలియదు. అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఆ సాయంత్రం వెళ్లిపొమ్మని మాత్రం అనలేదు. మర్నాడు మిరప కోతకు మనుషులు తక్కువయ్యారు. నేనూ చేలోకి దిగాను. రెండు వేళ్లతో కాయ తుంచడం కుదురుతుంది, కాస్త ఆలస్యమవుతుంది అంతే. అతను పక్క సాలులో కోస్తున్నాడు. ఘాటుకు ఇద్దరికీ తుమ్ములు. మధ్యాహ్నం వేపచెట్టు నీడలో సద్ది విప్పినప్పుడు, ఇంకా కోయాల్సిన సాళ్లకేసి చూశాడు.

"రేపు గూడ పని ఉన్నది," అన్నాడు.

"ఉంట," అన్నాను.